సత్తిబాబు మాట

నర్సీపట్నం,
ఆదివారం

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. మొన్న గాలికి పెరట్లో మామిడి కొమ్మ విరిగింది, నీకు ఉయ్యాల కట్టిన కొమ్మే. నువ్వు ఫోను చేసి తొమ్మిది రోజులైంది. విమానం నడిపే డ్యూటీలు ఉంటాయి, నేనేం అనట్లేదు.

నిన్న సత్తిబాబు వచ్చి, ఎక్కడో వానలో విమానం రన్‌వే దాటి గడ్డిలోకి పోయిందనీ, నడిపింది ఆడపిల్లేననీ చెప్పి, టీ తాగి పోయాడు. వాడి మాటలు తెలిసినవే కదా. రాత్రంతా నిద్ర లేదు. దోమలు.

విమానం దిగాక వేగం తగ్గించే రివర్స్ ఎలా పనిచేస్తుందో సంక్రాంతికి టేబుల్ ఫ్యాను ముందు చేట అడ్డం పెట్టి చూపించావు, గుర్తుందా? రివర్స్ అంటే ఇంజనే వెనక్కి తిరుగుతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇంజను ఎప్పటిలాగే తిరుగుతుంది, ఫ్యాను గాలికి వెనక దారి మూసి ముందుకు మళ్లిస్తారన్నావు. మీ ఎయిర్‌బస్‌లో చక్రాలు నేల తాకి, ఇంజను లివర్లు ఐడిల్‌కి, అంటే బాగా కిందికి, వచ్చాకే అది తెరుచుకుంటుందట. 1991లో థాయ్‌లాండ్‌లో ఒక బోయింగ్ 767కి గాల్లోనే తెరుచుకుని 223 మంది పోయిన సంగతి మాత్రం అమ్మ ముందు చెప్పకుండా ఉండాల్సింది.

వాన అంటే గుర్తొచ్చింది. నువ్వు పుట్టకముందు, దుంగల లోడు లారీతో అనంతగిరి ఘాటు దిగుతున్నాను. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేశాను, బుద్ధి లేక. బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. క్లీనర్ అప్పలరాజు "గురూ, కాలిన వాసన" అంటే, ఎవరో చెత్త తగలబెడుతున్నారులే అన్నాను. ఇంకో రెండు మలుపులకి ఎంత తొక్కినా బండి ఆగదు. గేరులోకి తోద్దామంటే పళ్లు కర్రుమంటున్నాయి. చివరికి కొండవైపు గట్టుకి రాసుకుంటూ పోయి ఆగింది. అద్దం పోయింది, బాడీ చెక్కలు లేచిపోయాయి, అప్పలరాజు కొత్త లుంగీ చిరిగింది. వాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేను రెండు ప్లేట్లు తిన్నాను, ఎందుకో. ఓనరు ఆరు నెలలు జీతంలో కోశాడు.

ఇది చెప్తే నువ్వు నవ్వి, పొడి రన్‌వే మీద అసలు పని బ్రేకులదే, తడిసినప్పుడే రివర్స్ విలువ తెలుస్తుందన్నావు. వేగం మీదున్నప్పుడే దానికి బలం, 70 నాట్లకల్లా, అంటే గంటకి 130 కిలోమీటర్లకల్లా, తగ్గించేస్తామన్నావు. కాబట్టి దిగగానే తాత్సారం చెయ్యకు. ఒకసారి రివర్స్ లాగాక మళ్లీ లేవాలని మాత్రం చూడకు. 2010లో మంగళూరులో అదే చేశారు, 158 మంది పోయారు. చాలా దూరం పోయాక గానీ చక్రాలు ఆనవనిపిస్తే, రివర్స్ ముట్టుకోకముందే గో అరౌండ్ అని, అంటే మళ్లీ పైకి లేపమని, గట్టిగా అను. కెప్టెన్ ఎంత పెద్దాయనైనా సరే. అక్కడ కో పైలట్ మూడుసార్లు అన్నాడట. నువ్వు నాలుగోసారి కూడా అను.

పది ఫెయిలైనవాణ్ణి, నీకు పాఠం చెప్తున్నాను.

సున్నుండలు పంపుతున్నాను. డబ్బా మూత సరిగ్గా పెట్టు, చీమలు పడతాయి. అమ్మ ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. సత్తిబాబుకి జవాబు చెప్పాలని అడుగుతున్నాను గానీ, అది నీ విమానం కాదు కదా?

నాన్న