ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లల ఐసీయూ నుంచి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను పద్దెనిమిదేళ్లుగా పిల్లల ఐసీయూలో పనిచేస్తున్న వైద్యురాలిని. ఒక తల్లి అడిగిన ప్రశ్న నాచేత ఈ లేఖ రాయిస్తోంది.

ఆమె పాపకు అప్పటికి ఏడు నెలలు. గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం. ఆపరేషన్‌కు కావలసిన బరువు పెరిగేలోపే న్యుమోనియా వచ్చింది. వెంటిలేటర్ మీద అది మూడో రాత్రి. మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ శాతం 91కి దిగగానే నేను ఆక్సిజన్ పెంచాను, 98కి ఎక్కగానే తగ్గించాను. గంటలో నాలుగుసార్లు అదే పని చేశాను. అంతసేపూ మంచం పక్కనే నిలబడి చూసిన ఆ తల్లి మెల్లగా అడిగింది: "డాక్టరు గారూ, అసలు ఎంత ఉండాలండీ? ఇంత ఉండాలని ఎవరు చెప్పారు?"

నాకు మా గురువులు చెప్పారు. వారికి వారి గురువులు చెప్పారు. అంతకు మించిన జవాబు ఆ రాత్రి నా దగ్గర లేదు.

ఆమె ప్రశ్న ఎంత లోతైనదో చెప్పాలి. ఆక్సిజన్ ఊపిరితిత్తుల రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. గుండెలో పెద్ద రంధ్రం ఉన్న బిడ్డకు అది ఎక్కువైతే, ఒంటికి వెళ్లవలసిన రక్తం దారి మళ్లి ఊపిరితిత్తుల్లోకి పొంగుతుంది. న్యుమోనియాతో అప్పటికే చెమ్మగిల్లిన ఊపిరితిత్తులు ఇంకా బరువెక్కుతాయి, గుండె అలసిపోతుంది. తక్కువైతే అవే నాళాలు బిగుసుకుపోతాయి, గుండె కుడి భాగం మీద భారం పడుతుంది, మెదడుకు అందే ఆక్సిజన్ మీద కూడా బెంగ మొదలవుతుంది. ఈ రెండు ప్రమాదాల నడుమ ఉన్నది సన్నని గట్టు. మేము రాత్రంతా నడిచేది దాని మీదే.

2023లో బ్రిటన్‌లోని 15 పిల్లల ఐసీయూలు కలిసి చేసిన ఆక్సీ-పీఐసీయూ పరిశోధన ఫలితాలు వచ్చాయి. అత్యవసరంగా చేరి వెంటిలేటర్ మీద ఉన్న 2,040 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం చాలనుకున్నారు. రెండో వర్గానికి 94 దాటాలన్నారు. తక్కువ చాలనుకున్న వర్గమే కాస్త మెరుగ్గా కోలుకుంది. తేడా కొద్దిదే అయినా, అన్నేళ్లుగా మేము పెంచుతూ పోయిన ఆక్సిజన్‌లో కొంత అక్కర్లేనిదని మొదటిసారి కొలతతో తెలిసింది. ఎంతో ఆశగా చదువుతూ, ఎవరిని చేర్చుకోలేదో చెప్పే భాగానికి వచ్చాను. ఊపిరితిత్తుల రక్తపోటు ఉన్నవారు. సరిచేయని గుండె లోపం ఉన్నవారు.

పరిశోధకుల తప్పేమీ లేదు. ఆ పిల్లల శరీర ధర్మం వేరు, వారికి వేరే పరిశోధన కావాలి. కానీ ఆ తల్లి ప్రశ్న మాత్రం ఎక్కడ మొదలైందో అక్కడే ఉండిపోయింది. పుట్టే ప్రతి వందమందిలో దాదాపు ఒకరికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. అయిదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచమంతటా 7 లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. ఈ రెండూ కలిసి ఒకే మంచం మీదకు వచ్చే బిడ్డలు అరుదు కాదు.

మంత్రి గారూ, పిల్లల ఐసీయూలో మేము చేసే పనుల్లో చాలా భాగం పెద్దల వైద్యం నుంచి అరువు తెచ్చుకున్నదే. వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి పంపాలన్నది చూడండి. కిలో బరువుకు 12 మిల్లీలీటర్ల కన్నా 6 మిల్లీలీటర్లతో ఎక్కువమంది బతుకుతారని 2000లో తేల్చిన అమెరికా పరిశోధనలో 861 మంది ఉన్నారు. అందరూ పెద్దవారే. ఆ లెక్కనే మేము పసివాళ్లకు సరిపెట్టుకుంటున్నాం. పసివాళ్ల పక్కటెముకలు మెత్తన, గాలిగొట్టాలు సన్నం, ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. పెద్దల కొలత వారికి సరిపోవచ్చు, సరిపోకపోనూ వచ్చు.

అనుభవం ఉంది కదా, అదే చాలదా అని మీ అధికారులెవరైనా అడగవచ్చు. వారికి కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జరిగిన ఫీస్ట్ పరిశోధన గురించి చెప్పండి. తీవ్రమైన జ్వరంతో రక్తప్రసరణ దెబ్బతిన్న బిడ్డకు సెలైన్ వేగంగా ఎక్కించడం ప్రపంచమంతటా పాఠంగా చెప్పిన పద్ధతి. నేనూ అదే నేర్చుకున్నాను, అదే నేర్పాను. 3,141 మంది పిల్లలతో ఆ పద్ధతిని పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. వేగంగా సెలైన్ ఎక్కించినవారిలో 48 గంటల్లో చనిపోయినవారు 10.5 శాతం. సెలైన్ బదులు అల్బుమిన్ అనే రక్తపు ప్రొటీన్ ఉన్న ద్రవాన్ని అలాగే ఎక్కించినవారిలో 10.6 శాతం. అలా ఎక్కించకుండా మామూలు వేగంతోనే ద్రవాలు ఇచ్చినవారిలో 7.3 శాతం. మేలు చేస్తుందని నమ్మిన పని ప్రాణాలు తీస్తోందని తేలడంతో పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయి ఉంటారని చాలామంది ఊహించారు. తర్వాత వివరంగా చూస్తే, ఎక్కువగా జరిగింది గుండె, రక్తప్రసరణ కుప్పకూలడం. ఆ ఊహ కూడా తప్పేనన్నమాట. ఆ పత్రం చదివిన రోజు నేను సెలైన్ ఎక్కించిన పిల్లల ముఖాలు ఎన్ని గుర్తొచ్చాయో ఇక్కడ రాయలేను.

ఒకచోట నిజమైనది ఇంకోచోట నిజం కాకపోవచ్చు కూడా. బబుల్ సీపాప్ అనే సాధనం చాలా సులువైనది. బిడ్డ వదిలే ఊపిరిని తీసుకెళ్లే గొట్టం చివరను నీళ్ల సీసాలో ముంచుతారు. ఆ నీటి లోతు ఇచ్చే ఒత్తిడే ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడుతుంది. 2015లో ఢాకా పరిశోధకులు ప్రకటించిన ఫలితంలో, తీవ్రమైన న్యుమోనియాతో ఉండి మామూలుగా ఆక్సిజన్ తీసుకున్న పిల్లల్లో 15 శాతం చనిపోగా, ఈ సాధనం మీద ఉన్నవారిలో 4 శాతమే చనిపోయారు. మాలావిలో ఒక జిల్లా ఆసుపత్రి సాధారణ వార్డులో, మరింత బలహీనమైన పిల్లలకు పెట్టి చూస్తే 2019లో వచ్చిన ఫలితం తలకిందులైంది. సాధనం పెట్టినవారిలో 17 శాతం, పెట్టనివారిలో 11 శాతం మరణించారు. రెండుచోట్లా సూత్రం ఒకటే. బిడ్డలు వేరు, పక్కన నిలబడి చూసేవారి సంఖ్య వేరు, శిక్షణ వేరు. కాబట్టి ఎక్కడో వచ్చిన ఫలితాన్ని తెచ్చి మా వార్డులో పెట్టేస్తే సరిపోదు. మా వార్డులోనూ పరీక్షించాలి.

పరీక్షించడానికి పిల్లల సంఖ్య కావాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. గుండె ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే బైపాస్ యంత్రంలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు కలిపితే గుండె త్వరగా తేరుకుంటుందని 198 మంది పిల్లల పరిశోధన ఒకటి ఆశ కల్పించింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నెదర్లాండ్స్ కలిసి 1,371 మందితో మళ్లీ చూస్తే, 2022లో ఏ తేడా లేదని తేలింది. ఆ 198 మంది దగ్గరే ఆగి ఉంటే, ఒక పనికిరాని ఖర్చు ప్రతి ఆపరేషన్ గదిలోనూ స్థిరపడిపోయేది. 1,371 మంది పసివాళ్లను ఏ ఒక్క ఆసుపత్రీ ఒంటరిగా చేర్చలేదు.

అందుకే మీ నుంచి కోరేది ముఖ్యంగా ఒకటే. గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో పిల్లలను చేర్చుకునే ఐసీయూలన్నింటినీ కలిపే శాశ్వత పరిశోధన వ్యవస్థను నెలకొల్పండి. మూడేళ్ల నిధులిచ్చి మూసేసే ప్రాజెక్టులు ఇప్పటికే చూశాం. మొదటి ఏడాది, పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసే నైతిక సంఘాల అనుమతుల్లో గడిచిపోతుంది, ఒక్కో ఆసుపత్రి అదే దస్త్రాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. రెండో ఏడాది నర్సులకు శిక్షణ ఇస్తాం. పిల్లలు చేరడం ఊపందుకునేసరికి డబ్బు అయిపోతుంది, శిక్షణ పొందిన నర్సు వేరే ఉద్యోగానికి వెళ్లిపోతుంది. కనీసం పదేళ్లకు హామీ ఉండాలి. అన్ని ఆసుపత్రులకూ చెల్లే ఒకే నైతిక అనుమతి ఉండాలి. బిడ్డ రాత్రి రెండింటికి వచ్చినా వివరాలు నమోదు చేసే పరిశోధన నర్సు ప్రతి ఐసీయూలోనూ ఉండాలి. నా అభిప్రాయంలో కొత్త యంత్రాల కన్నా ఈ నర్సుల జీతాలే ముందు కావాలి.

తల్లిదండ్రుల అంగీకారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఊపిరి ఆగిపోతున్న బిడ్డ తండ్రి చేతిలో పది పేజీల పత్రం పెట్టి సంతకం అడగడం క్రూరత్వం. ఆ క్షణంలో పెట్టిన సంతకానికి విలువా ఉండదు. ఆక్సీ-పీఐసీయూలో పిల్లలను ముందుగా చేర్చుకుని, ఆపద గడిచాక తల్లిదండ్రులతో నిదానంగా మాట్లాడి అంగీకారం అడిగారు. రెండూ వాడుకలో ఉన్న పద్ధతులైనప్పుడు, ఏది మేలో నిజంగా తెలియనప్పుడు మాత్రమే ఇది న్యాయం. వద్దన్న తల్లిదండ్రుల మాటే చివరి మాట కావాలి. ఈ హద్దులన్నీ చట్టంలో స్పష్టంగా రాయించండి. రాసేటప్పుడు ఐసీయూ బయట రాత్రులు గడిపిన తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టండి. వారికి తెలిసినవి మాకు తెలియవు.

మరొక మాట. బిడ్డ బతికి ఇంటికి వెళ్లగానే మా లెక్క ముగిసిపోతోంది. గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించే ఎక్మో చికిత్స మీద 1996లో బ్రిటన్‌లో ఫలితం వచ్చింది. ఆ చికిత్స పొందిన 93 మంది నవజాత శిశువుల్లో 30 మంది, పొందని 92 మందిలో 54 మంది మరణించారు. ఆ పరిశోధకులు అంతటితో వదిలేయలేదు. బతికిన పిల్లలను ఏడేళ్ల వయసు వరకు వెతికి పట్టుకుని, ఎలా చదువుతున్నారో, ఎలా నడుస్తున్నారో పరీక్షించారు. మా దగ్గర నుంచి వెళ్లిన పిల్లలు బడిలో ఎలా ఉన్నారని మీరు నన్నడిగితే, పండగకు ఫోటో పంపే కొద్దిమంది గురించి మాత్రమే చెప్పగలను.

ఆ పాప పందొమ్మిదో రోజున వెంటిలేటర్ నుంచి బయటపడింది, తర్వాత ఆపరేషనూ జరిగింది. నేను పెట్టుకున్న అంకె వల్ల కోలుకుందో, ఆ అంకెను తట్టుకుని కోలుకుందో నాకు తెలియదు.

మంత్రి గారూ, ఈ పని మీ శాఖలో ఏ అధికారి చేతిలో ఉంటుందో, మొదటి ఏడాది ఎన్ని ఐసీయూలతో మొదలవుతుందో, తేదీతో సహా బహిరంగంగా ప్రకటించమని కోరుతున్నాను. మొదట పరీక్షించవలసిన ప్రశ్న మా దగ్గర సిద్ధంగా ఉంది: సరిచేయని గుండె లోపంతో వెంటిలేటర్ మీదకు వచ్చిన పసిబిడ్డకు ఎంత ఆక్సిజన్ సరిపోతుంది?

ఇట్లు,
పిల్లల ఐసీయూ వైద్యురాలు