క్యామ్‌షాఫ్ట్ వేశాక పుల్లింగ్ పోయింది: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. రెండు నెలల క్రితం నా 150 సీసీ బండికి మీ దగ్గర 7,400 రూపాయలు పెట్టి రేసింగ్ క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వ్‌లను తెరిచి మూసే కడ్డీ) కొన్నాను. "పిస్టన్ మార్చక్కర్లేదండి, ఏ స్పీడులోనైనా పవర్ పెరుగుతుంది" అని మీ సేల్స్ అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు.

రెండు బస్తాల కొబ్బరికాయలు కట్టుకుని అంబాజీపేట మార్కెట్‌కు వెళ్ళడం నా పని. ఇదివరకు కాలవ గట్టు సెకండ్ గేరులోనే ఎక్కేసేది. ఇప్పుడు ఫస్ట్‌లో కూడా మూలుగుతోంది. మొన్న సగంలో ఆగిపోయి బస్తాలతో సహా వెనక్కి జారింది. వెనక వస్తున్నాయన పట్టుకోబట్టి కాలవలో పడలేదు. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు (ఆర్‌పీఎం) దాటితే దూసుకుపోతుంది, అది నిజమే. కానీ బరువుతో గట్టు మీద అంత తిప్పే వీలెక్కడిది?

మీవాళ్ళు కార్బురేటర్ ట్యూనింగ్ తప్పన్నారు. మూడుసార్లు అందులో పెట్రోలు వచ్చే జెట్లు మార్పించాను. చివరికి మా మెకానిక్ సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టాడు. మీ క్యామ్‌తో 125 పీఎస్ఐ వచ్చింది, పాతది తిరిగి వేస్తే 160. రెండుసార్లూ వాల్వ్ క్లియరెన్స్ సరిచూసే కొలిచాడు.

పిస్టన్ మారలేదు కాబట్టి లెక్కకు కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ సిలిండర్‌లోని గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్నది, 9.5కి 1 అలాగే ఉంది. కానీ వాల్వ్ మూసుకున్నాకే కదా నొక్కుడు మొదలయ్యేది! మీ క్యామ్ గాలి, పెట్రోలు లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్‌ను బాగా ఆలస్యంగా మూస్తుంది. స్పీడు మీద ఉన్నప్పుడు లోపలికి వచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి, పిస్టన్ పైకి లేస్తున్నా సిలిండర్ నిండుతూనే ఉంటుంది. తక్కువ స్పీడులో ఆ ఊపు ఉండదు, పీల్చిన దాంట్లో కొంత పిస్టనే వెనక్కి నెట్టేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ విప్పితే కార్బురేటర్ వైపు స్పాంజి పెట్రోలుతో తడిసి ఉంది, వేలితో నొక్కితే కారింది. ఇలాంటి క్యామ్‌కు కంప్రెషన్ పెంచే పిస్టన్ కూడా జత కావాలి. అదీ మరీ పెంచితే మామూలు పెట్రోలుతో నాకింగ్ (పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ టకటక కొట్టుకోవడం) వస్తుంది. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పి ఉంటే నేను కొనేవాణ్ణే కాదు.

క్యామ్ వెనక్కి తీసుకుని నా 7,400 ఇవ్వండి. వాల్వ్‌లు ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుని మూసుకుంటాయో, ఎంత కంప్రెషన్‌కు సరిపోతుందో ఇకనుంచి డబ్బా మీద అచ్చు వేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. బిల్లు, గేజ్ ఫొటోలు జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్