రుసుము అందింది, అర్జీ అందలేదా? వాణిజ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వాణిజ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కార్ల తీగలను పరీక్షించే పెన్నులాంటి టెస్టరు ఒకటి కనిపెట్టి పేటెంటు తీసుకున్నవాణ్ని. దానికి నకళ్లు చేసి అమ్ముతున్నవాళ్లను ఆపమని నేను మీకు రాస్తున్న ఆరో ఉత్తరం ఇది. మొదటి అయిదూ మీ ఒక్కరి పేరునే పంపాను. ఫలితం లేకపోయింది కాబట్టి దీన్ని నలుగురి ముందూ పెడుతున్నాను. అసలు జవాబే రాలేదంటే అబద్ధమవుతుంది. మూడో అర్జీకి ఒక్క వాక్యం సమాధానంగా వచ్చింది: "మీ అర్జీని సంబంధిత విభాగానికి పంపడమైనది." ఆ సంబంధిత విభాగం ఏదో తెలుపమని నాలుగో అర్జీ పెట్టుకున్నాను. అది కూడా సంబంధిత విభాగానికే వెళ్లి ఉంటుంది.

పేటెంటు కార్యాలయం మాత్రం నన్ను మరిచిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పునరుద్ధరణ రుసుము గడువు దగ్గరపడగానే ఠంచనుగా గుర్తుచేస్తుంది. గడువు దాటితే అదనపు రుసుము, అదీ దాటితే హక్కు రద్దు. కట్టకపోతే హక్కు ఉండదని నాకు బాగా అర్థమైంది. కట్టినందుకు ఏం దక్కుతుందో అర్థం కాకనే ఈ ఉత్తరం.

పథకాలూ విధానాలూ మీకు నేను చెప్పాల్సినవి కావు. ఒక్క విషయం మాత్రం చెప్పక తప్పదు. కిందటిసారి మీ కార్యాలయంలో ఒక అధికారి నా టెస్టరును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు లైట్లు, ఒక సూది, ఇందులో కనిపెట్టడానికి ఏముందండీ?" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేయనివాళ్లు ఎవరైనా అదే అంటారు. కాబట్టి ఆయనకు అప్పుడు చెప్పనివ్వని జవాబు ఇప్పుడు చెబుతాను.

కారుకు ఒకవైపు హెడ్‌లైటు వెలగడం లేదనుకోండి. మెకానిక్కు బల్బు ఊడదీసి, హోల్డరులో మల్టీమీటరు పెట్టి చూస్తాడు. నిండుగా పన్నెండు వోల్టులు చూపిస్తుంది. తీగ బాగుందనుకుని బల్బు మారుస్తాడు. వెలగదు. రిలే మారుస్తాడు, వెలగదు. చివరికి స్విచ్చు కూడా మార్చి, యజమానితో మాట పడతాడు. మీటరు తప్పు చూపలేదు. మామూలు డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం 10 మెగాఓములు ఉంటుంది, అంటే అది ఆ తీగలోంచి లాక్కునేది ఒక మైక్రోఆంపియరుకు కాస్త ఎక్కువ, అంతే. చిలుము పట్టి పచ్చబడ్డ కనెక్టరులో ఒకే ఒక్క రాగి పోగు మిగిలినా ఆ పాటి కరెంటు హాయిగా పారుతుంది. కానీ 55 వాట్ల బల్బుకు నాలుగున్నర ఆంపియర్లు కావాలి. అంత కరెంటు అడిగేసరికి ఉన్న వోల్టేజి అంతా ఆ చిలుము దగ్గరే హరించుకుపోతుంది, బల్బు దాకా రాదు. మల్టీమీటరుతో తీగను పరీక్షించడమంటే ఖాళీ బండి లాగించి ఎద్దు బలం తేల్చడమే. భారం వేసి చూడాలి.

భారం వేయడానికి పాతకాలపు టెస్ట్ ల్యాంపు ఉంది కదా అంటారు. ఉంది, నేనూ ఏళ్ల తరబడి వాడాను. కానీ అందులోని బల్బు ఏ తీగకు ఎంత భారం తగునో ఎరగదు. హెడ్‌లైటు తీగ అయినా, కంప్యూటరు నుంచి వచ్చే సెన్సరు తీగ అయినా దానికి ఒకటే, వెలగడానికి తనకు కావలసినంత లాగేస్తుంది. ఎయిర్‌బ్యాగు తీగల జోలికి టెస్ట్ ల్యాంపుతో వెళ్లవద్దని సర్వీసు పుస్తకాల్లో హెచ్చరికలు ఉండేది ఇందుకే. నా పెన్ను మొదట కొన్ని మిల్లీఆంపియర్లు మాత్రమే లాగి చూస్తుంది. తీగ తట్టుకుంటే ఒక్కో మెట్టూ పెంచుతుంది, ఒక్కో మెట్టు మీదా కొన్ని మిల్లీసెకన్లకు మించి నిలవదు. వోల్టేజి కుంగితే ఎంత కుంగిందో చూపిస్తుంది. అవతల ఉన్నది బల్బో మోటారో కాదు, సున్నితమైన ఎలక్ట్రానిక్ సర్క్యూటు అని పసిగడితే తనంతట తానే ఆగిపోతుంది. ఆ ఆగడం కోసమే నాకు మూడేళ్లు పట్టింది. పేటెంటు మొదటి క్లెయిములో, అంటే నా హక్కు దేనిమీదో చెప్పే మొదటి వాక్యంలో, ఉన్నదీ అదే. మీ ఎగ్జామినరు పాత పేటెంట్లు ముందుపెట్టి నాలుగు అభ్యంతరాలు లేవదీస్తే, నాలుగింటికీ లిఖితపూర్వకంగా బదులిచ్చి, ఆ తరవాతే ధ్రువపత్రం అందుకున్నాను. "ఇందులో ఏముంది" అన్న ప్రశ్న మీ కార్యాలయమే అడిగి, మీ కార్యాలయమే ముగించిన ప్రశ్న. మళ్లీ మొదటికి రావడం దేనికి?

ఇక నకళ్ల సంగతి. మొదటి నకలు చేతికొచ్చిన రోజు దాన్ని బల్ల మీద పెట్టి, మరలు విప్పి, పక్కనే నాది కూడా విప్పి పెట్టుకున్నాను. సర్క్యూటు బోర్డు మీద పై అంచున రెండు ఖాళీ రంధ్రాలు కనిపించాయి. వాటికి ఏ పనీ లేదు. మొదట్లో ఒక విడిభాగం కోసం వదిలి, తరవాత అక్కర్లేదని తెలిసినా బోర్డు మార్చడానికి బద్ధకించి అలాగే ఉంచేశాను. నా బద్ధకాన్ని కూడా వాళ్లు భక్తిగా నకలు చేశారు! చట్టం రంధ్రాలను లెక్కపెట్టదని, క్లెయిములోని అంశాలన్నీ నకలులో ఉన్నాయా లేవా అన్నదే చూస్తుందని నాకు తెలుసు. అన్నీ ఉన్నాయి. ఆపే సర్క్యూటుతో సహా ఉన్నాయి. తేడా ఒక్కటే, అక్కడ చవక భాగం వేయడంతో అది ఆగవలసిన క్షణానికి ఆగదు, కాస్త ఆలస్యంగా ఆగుతుంది.

ఆ కాస్త ఆలస్యం ఎంత పని చేస్తుందో చెబుతాను. ఒకరోజు పొద్దున్నే ఒక మెకానిక్కు ఫోను చేశాడు. ఒకప్పుడు నా దగ్గర ఈ పరికరం వాడటం నేర్చుకున్నవాడే. "మీ పెన్ను నమ్ముకుని మునిగిపోయానండీ, కస్టమరు బండి ఇంజను కంప్యూటరు కాలిపోయింది" అన్నాడు. ఫొటో పంపమన్నాను. నా పెన్ను కాదు. అదే ఆకారం, అదే రంగు, లోపల నకలు. నాది కాదని చెప్పాను. "అయితే ఆ డబ్బు ఎవరిస్తారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మంత్రి గారూ, మీ దగ్గర ఉందా?

ఆ తరవాత నేను తొక్కని గడప లేదు. పోలీసుల దగ్గరికి వెళితే ఇది సివిల్ తగాదా, కోర్టుకు వెళ్లండన్నారు. వాళ్ల తప్పు లేదు. మేధో హక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు చేసుకున్న, 1995 నుంచి అమల్లో ఉన్న ట్రిప్స్ ఒప్పందం క్రిమినల్ చర్యలు తప్పనిసరి చేసింది నకిలీ ట్రేడ్‌మార్కులకు, వ్యాపార స్థాయి కాపీరైటు చౌర్యానికి మాత్రమే. పాట దొంగిలిస్తే నేరమట, పనిముట్టు దొంగిలిస్తే వ్యాజ్యమట. కస్టమ్స్ వారిని అడిగితే తమ నిబంధనల్లో పేటెంట్ల మాట లేదన్నారు. అదే ఒప్పందం 51వ అధికరణ, సరుకును సరిహద్దులో ఆపే ఏర్పాటును పేటెంట్లకు కూడా చేయవచ్చు అంటుంది. చేయవచ్చు అని రాసి ఉన్నదాన్ని మనవాళ్లు చేయనక్కర్లేదు అని చదువుకున్నారు. ఆన్‌లైనులో అమ్మే వేదికకు ఫిర్యాదు పెడితే ట్రేడ్‌మార్కు నంబరు అడిగింది. పేటెంటు నంబరు ఇస్తే ఆ గడిలో అది పట్టలేదు. ఎలాగో ఒక దుకాణాన్ని తీయించాను. వారం తిరగకుండా అదే సరుకు, అదే ఫొటో, కొత్త పేరుతో తిరిగొచ్చింది.

కోర్టుకు వెళ్లానండీ, వెళ్లకేం. అవతలివారి మొదటి వాదన, ఇందులో కొత్తదనమేమీ లేదు కనుక పేటెంటునే రద్దు చేయాలని. వాళ్ల ప్రకటన చూస్తే "సరికొత్త విధానం, దానంతటదే ఆగిపోతుంది" అని పెద్ద అక్షరాలతో ఉంది. సరుకు అమ్మేటప్పుడు సరికొత్తది, కోర్టులో పాతచింతకాయ పచ్చడి. వాయిదా మీద వాయిదా పడుతోంది. పేటెంటు ఆయుష్షు ఇరవై ఏళ్లు, లెక్క మొదలయ్యేది దరఖాస్తు పెట్టిన రోజు నుంచి. పరీక్షలో కొన్నేళ్లు పోయాయి, అర్జీల్లో కొన్నేళ్లు పోయాయి, వాయిదాల్లో ఇంకెన్ని పోతాయో. హక్కుల అమలులో అనవసరమైన ఖర్చు, అకారణమైన జాప్యం ఉండకూడదని ఆ ట్రిప్స్ ఒప్పందం 41వ అధికరణలో రాసుకున్నారు కదా. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది.

అమెరికాలో రాబర్ట్ కెర్న్స్ అనే ఆయన ఉండేవారు. వర్షం జల్లుగా పడుతున్నప్పుడు ఆగి ఆగి తుడిచే వైపర్లకు 1964లో పేటెంటు దరఖాస్తు పెట్టారు. 1978లో ఫోర్డ్ మీద దావా వేశారు. 1990లో జ్యూరీ ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఆ నాటికి ఆయన మొదటి పేటెంటు గడువే తీరిపోయింది. గెలిచాడు కదా అని నా లాయరు అప్పుడప్పుడు ఆయన పేరు ఎత్తుతుంటారు, నాకు ధైర్యం చెప్పడానికే లెండి. ఆ పన్నెండేళ్లూ ఆ మనిషి కొత్తగా ఏం కనిపెట్టగలిగి ఉండేవారో ఎవరూ లెక్కగట్టరు. నా సంగతి నాకు తెలుసు. హైబ్రిడ్ బండ్లకు పనికొచ్చే రెండో పరికరం సగంలో ఆగి సొరుగులో ఉంది. దాని మీద పెట్టాల్సిన పొద్దంతా మీకు ఉత్తరాలు రాయడానికే సరిపోతోంది.

ఏం కావాలని మీరు అడగవచ్చు. సరిహద్దులో ఆపే నిబంధనల్లోకి పేటెంట్లను తెండి. అమ్మకపు వేదికలు పేటెంటు నంబరును కూడా నంబరుగా గుర్తించేలా చూడండి. అదీ కుదరకపోతే, నా అర్జీ చదివి, కాదో అవునో చెప్పే ఒక మనిషి పేరు చెప్పండి. నిజానికి ఆ చివరిదొక్కటి జరిగినా నాకు చాలు. లేదు, చాలదు. సరుకు ఆగాలి. మరో మెకానిక్కు నాకు ఫోను చేసి ఆ డబ్బు ఎవరిస్తారని అడగకూడదు.

ఈ ఉత్తరం ప్రతితో పాటు మీ కార్యాలయానికి ఒక చిన్న పెట్టె పంపాను. అందులో రెండు టెస్టర్లున్నాయి. ఒకటి నాది, రెండోదానికి ఎర్ర దారం కట్టాను. మీ శాఖ వాహనాలు చూసే ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చి, ఏది ఏమిటో అడగండి. ఎర్ర దారం ఉన్నదాన్ని మాత్రం దయచేసి మీ కారుకు పెట్టనివ్వకండి.

ఇట్లు,
రుసుము సకాలంలో చెల్లిస్తున్న ఒక పేటెంటుదారు