విండోస్ 10 కంప్యూటర్లు వాడుతున్న మా వినియోగదారులకు

మా దుకాణంలో కంప్యూటర్లు కొన్నవారికీ, బాగు చేయించుకుంటున్నవారికీ నమస్కారం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు ముగిసిన దగ్గర నుంచి తెనాలిలోని మా కౌంటరు దగ్గర రోజూ వినిపిస్తున్న ప్రశ్న ఒక్కటే: "మా సిస్టమ్ ఇక పనిచేయదా, కొత్తది కొనవలసిందేనా?" పని ఒత్తిడిలో మేము రెండు మాటల్లో చెప్పిన జవాబు కొందరిని అనవసరంగా భయపెట్టింది, మరికొందరికి లేనిపోని ధీమా ఇచ్చింది. అందుకే వివరంగా రాస్తున్నాము.

మీ కంప్యూటరు ఆగిపోదు. టాలీ తెరుచుకుంటుంది, ప్రింటరు నడుస్తుంది. ఆగిపోయినది నెలనెలా వచ్చే భద్రతా సవరణ మాత్రమే. దాని విలువ ఏమిటో 2017 మే నెలలో అందరమూ చూశాము. వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే సవరణ విడుదల చేసింది. అప్పటికి సపోర్టులో ఉన్న విండోస్‌లలో దాన్ని వేసుకున్నవి ఆ దాడికి తట్టుకున్నాయి.

ఇక్కడ మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. బిల్లింగ్ మధ్యలో అప్‌డేట్ మొదలై సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందనీ, డేటా అంతా దానికే ఖర్చవుతోందనీ మీలో చాలామంది చెప్పినప్పుడు, కొన్నేళ్ల పాటు మేము అప్‌డేట్లను పూర్తిగా ఆపివేసి ఇచ్చాము. అడిగినది మీరే అయినా, దానివల్ల ఏమి జరగవచ్చో చెప్పవలసిన బాధ్యత మాది, మేము చెప్పలేదు. అలా ఆపిన కంప్యూటర్లు విండోస్ 10 పాత వెర్షన్ల దగ్గరే నిలిచిపోయాయి. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఇస్తున్న అదనపు భద్రతా సవరణలు చివరి వెర్షనైన 22హెచ్2కు మాత్రమే వస్తాయి కాబట్టి, వాటిని ముందు ఆ వెర్షనుకు తేవాలి. మేము అప్‌డేట్ ఆపిన ఏ కంప్యూటరుకైనా ఈ పని ఉచితంగా చేసి ఇస్తాము.

ఆ అదనపు సవరణలు ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు అందుతాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగులను ఆ ఖాతాలో బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టనవసరం లేదు. ఆ బ్యాకప్ ఇష్టం లేనివారు 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లతోనో, 30 డాలర్లకు సమానమైన రుసుముతోనో తీసుకోవచ్చు. ఒకే ఖాతా మీద 10 కంప్యూటర్ల వరకు నమోదు చేయవచ్చు. డొమైన్‌కు, అంటే సంస్థ సొంత నెట్‌వర్కుకు, కలిపిన ఆఫీసు కంప్యూటర్లకు ఈ పథకం వర్తించదు. సంస్థలకు వేరే పథకం ఉంది. దాని ధర కంప్యూటరుకు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. పాత కంప్యూటరు మీద అంత ఖర్చు పెట్టమని మేము ఎవరికీ సలహా ఇవ్వడం లేదు.

విండోస్ 11కు మారాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు ఉండాలి. ప్రాసెసరు సరిపోయినా బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులలో) టి.పి.ఎం. ఆఫ్‌లో ఉన్నందువల్ల "మీ కంప్యూటరుకు విండోస్ 11 రాదు" అన్న సందేశం చూసి కొత్తది కొనడానికి సిద్ధపడినవారు మా దగ్గరకు వచ్చారు. అది ఆన్ చేయడం పది నిమిషాల పని. కాబట్టి కొనేముందు ఒకసారి చూపించండి. ఈ నిబంధనలను తప్పించి పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11 వేయమని అడిగితే మాత్రం మేము కాదంటున్నాము. అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. మీ లెక్కలున్న సిస్టమ్ మీద ఆ ప్రయోగం చేయడం మాకు ఇష్టం లేదు.

డి.టి.పి., అంటే అచ్చుకు కంప్యూటరులో పేజీలు కూర్చే పని, చేసే మిత్రుల పరిస్థితి వేరు. అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ 7తో ఏళ్ల తరబడి కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఆ పాత సిస్టములలోనే ఉన్నాయి. ఆ ఫాంట్లు అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతివి కావు కనుక, ఫాంటు లేని మరో కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని అక్షరాల గుంపు కనిపిస్తుంది. కాబట్టి ఆ సిస్టములను పారేయమని మేము చెప్పము. నెట్ కేబుల్ తీసివేసి, వైఫై ఆపి, అలాంటి సిస్టమును కూర్పు పనికి మాత్రమే ఉంచండి. ప్రూఫును అక్కడే పి.డి.ఎఫ్. చేసి, పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, మెయిల్, వాట్సాప్ మరో కంప్యూటరు నుంచి పంపండి. బయటివారి పెన్‌డ్రైవ్‌ను మాత్రం ముందు ఆ రెండో కంప్యూటరులో స్కాన్ చేయకుండా కూర్పు సిస్టముకు పెట్టకండి. హార్డ్ డిస్కును ఉన్నదున్నట్టుగా మరో డిస్కులోకి కాపీ చేయించుకోవడం వీటన్నిటికంటే ముఖ్యం. ఆ డిస్కు పోతే ఫాంట్లు, సాఫ్ట్‌వేరు, ఇన్నేళ్ల ఫైళ్లు ఒకేసారి పోతాయి.

నెట్ చూడటానికి, ఉత్తరాలు రాయడానికి, పిల్లల చదువుకు వాడే పాత కంప్యూటర్లకు విండోస్‌కు బదులుగా లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇస్తున్నాము. ప్రస్తుత 22వ వెర్షనుకు 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి, లైసెన్సు ఖర్చు లేదు, యూనికోడ్ తెలుగు టైపింగు అందులోనే ఉంది. మీ డిస్కును తాకకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపిస్తాము, నచ్చితేనే వేయించుకోండి. టాలీ అందులో నేరుగా నడవదు. డిజిటల్ సంతకం టోకెను, వేలిముద్ర పరికరం వాడేవారు వాటిని వెంట తెస్తే, పనిచేస్తాయో లేదో పరీక్షించిన తరువాతే ముందుకు వెళతాము.

మరో చిన్న విషయం. వెబ్‌సైట్లన్నీ ఒక్కసారిగా "కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంటే, సపోర్టు ముగిసినందువల్లే అనుకోకండి. ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది సి.ఆర్. 2032 సెల్ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సైట్ల ధ్రువపత్రాలు సరిపోలవు. సెల్ మార్చి తేదీ సరిచేస్తే చాలు.

కంప్యూటరు తెచ్చేటప్పుడు మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డును మీరే టైపు చేసేలా రండి. దాన్ని కాగితం మీద రాసి మాకు ఇవ్వవద్దు. ఖాళీ పెన్‌డ్రైవ్ గానీ ఎక్స్‌టర్నల్ డిస్కు గానీ వెంట ఉంచుకోండి. మీ డేటా అందులోకి కాపీ అయిందని మీరు తెరిచి చూసుకున్న తరువాతే మేము సిస్టమ్ మీద చెయ్యి వేస్తాము.