భవిత కేంద్రాలకు రోబోలు ఇవ్వండి, పగ్గాలు టీచర్ల చేతిలోనే ఉంచండి

రాష్ట్ర విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. నేను కోనసీమలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఒక భవిత కేంద్రంలో సహిత విద్య రిసోర్స్ టీచరుగా పనిచేస్తున్నాను. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం, మేధో వైకల్యం ఉన్న పిల్లలందరికీ మా దగ్గర ఒకటే గది. 2024లో తిరువనంతపురంలోని ఒక పాఠశాల చీర కట్టిన టీచరు రోబోను తరగతిలోకి తెచ్చినప్పుడు తోటి టీచర్లలో కొందరు ముచ్చటపడ్డారు, కొందరు ఉద్యోగాలు పోతాయని భయపడ్డారు. నాకు మాత్రం మా గదిలోని పిల్లలే గుర్తొచ్చారు. అలాంటి యంత్రం రాష్ట్రంలోకి వస్తే ముందుగా రావాల్సింది వీళ్ల దగ్గరికే అని మీకు విన్నవించుకుంటున్నాను.

మా దగ్గర పదేళ్ల బాబు ఒకడున్నాడు. ఎదురుగా కూర్చుని పేరు పెట్టి పిలిస్తే వాడి చూపు ఫ్యాను మీదికి పోతుంది. గొంతు కాస్త పెంచితే చెవులు మూసుకుంటాడు. అదే బాబు ఫోనులో రికార్డు చేసిన ‘చేతులు కడుక్కుందాం’ అన్న మాట వినగానే లేచి కుళాయి దగ్గరికి వెళతాడు. రికార్డు చేసిన గొంతూ నాదే. అయితే ఫోనులో అది ఎప్పుడూ ఒకేలా వినిపిస్తుంది. మనిషి ముఖంలో కనుబొమలు కదులుతాయి, పెదవులు కదులుతాయి, పొద్దున్న ఉన్న గొంతు మధ్యాహ్నానికి మారిపోతుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు ఇవన్నీ ఒక్కసారిగా మీద పడితే ఊపిరాడదు. రోబో ముఖంలో ఈ గందరగోళం తక్కువ. నూరోసారి చెప్పినా మొదటిసారి చెప్పినట్టే చెబుతుంది.

బ్రిటన్‌లోని హెర్ట్‌ఫోర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం వారు ఆటిజం పిల్లల కోసం కాస్పర్ అనే రోబోను తయారుచేశారు. చిన్న పిల్లవాడంత ఉంటుంది, ముఖంలో పెద్దగా భావాలు పలకవు. చక్కిలిగింతలు పెడితే నవ్వుతుంది, గట్టిగా కొడితే నొప్పి పుట్టిందని చెబుతుంది. ఎదుటివారికి నొప్పి పుడుతుందన్న సంగతిని మా పిల్లల్లో కొందరికి తెలియజెప్పడం ఎంత కష్టమో, దెబ్బలు తిన్న తోటిపిల్లల తల్లులను అడగండి, వారే చెబుతారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారు 12 మంది పిల్లల ఇళ్లలో నెల రోజులు రోబోను ఉంచి, రోజూ అరగంట ఆడించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. పెద్దవారు చూపిన వైపు చూడడం, వారితో చూపు కలపడం ఆ పిల్లల్లో మెరుగైంది. రోబో పక్కన లేనప్పుడు కూడా ఆ మార్పు కనిపించింది. 12 మంది అంటే చిన్న సంఖ్యే. దాన్ని పట్టుకుని అద్భుతాలు జరుగుతాయని నేను అనను. ఒక ఏడాది మన దగ్గర ప్రయత్నించి చూడడానికి మాత్రం అది చాలు.

ఆ రెండు చోట్లా రోబోను ఒంటరిగా వదిలేయలేదన్నది ముఖ్యం. పక్కన ఒక పెద్ద మనిషి ఉండి, పిల్లవాడు రోబో వైపు చూసిన ఆ క్షణాన్ని తనవైపు మళ్లించుకోవాలి. అసలు పని అదే, అది తెలిసిన టీచరే చేయగలరు. రోబో వచ్చింది కదా, ఈ కేంద్రానికి ఇంకొక టీచరు ఎందుకు అనే ఫైలు ఏదో ఒక రోజు మీ బల్ల మీదికి వస్తుంది. దయచేసి దాని మీద సంతకం చేయకండి. జపాన్ వృద్ధాశ్రమాల్లో రోబోల వాడకాన్ని దగ్గరుండి చూసిన పరిశోధకులు, వాటిని తెచ్చి పెట్టడం, తుడవడం, కనిపెట్టుకుని ఉండడంతో సిబ్బంది పని పెరిగిందనే రాశారు.

కొనే ముందు కంపెనీల చరిత్ర కూడా చూడాలి. పిల్లలతో కబుర్లు చెప్పే మాక్సీ రోబోను అమ్మిన అమెరికా కంపెనీ, 2024 డిసెంబరులో తాము మూసేస్తున్నామని, ఇక ఆ రోబో పనిచేయదని తల్లిదండ్రులకు చెప్పింది. దాని బుర్ర అంతా కంపెనీ సర్వర్లలో ఉండడమే కారణం. ఇంట్లో కంప్యూటరుతో నడుపుకునే దారి ఒకటి తరువాత చూపారు, అదీ చేతనైన వారికే. ప్రపంచమంతా తరగతి గదుల్లో వాడిన నావో రోబోను తయారుచేసిన ఫ్రెంచి కంపెనీ 2025లో దివాలా తీసింది. మాటకు స్పందించడానికి నెలలు పట్టే పిల్లవాడు ఒక బొమ్మకు అలవాటుపడ్డాక, ఒక ఉదయం అది మూగబోతే ఏం చెప్పాలి? కాబట్టి ఇంటర్నెట్ లేకపోయినా, కంపెనీ లేకపోయినా నడిచే యంత్రాలే కొనాలని టెండరులోనే రాయించండి. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు మా లంక గ్రామాల సంగతి మీకు తెలుసు. కరెంటు, సిగ్నలు రెండూ పోయే చోట సర్వరును నమ్ముకుని పాఠం చెప్పలేం.

ఇక భాష. మా పిల్లల్లో చాలామంది మాటలు వాళ్ల అమ్మలకే అర్థమవుతాయి. ఎక్కడో తయారై తెలుగును అరకొరగా పలికే యంత్రం మాకు పనికిరాదు. కంప్యూటర్లకు మన దేశ భాషలు నేర్పే కేంద్ర ప్రభుత్వ భాషిణి కార్యక్రమంలో తెలుగు ఉంది. కాకినాడ జేఎన్‌టీయూ మాకు దగ్గరే. అక్కడి విద్యార్థులు మా గదిలో కొన్నాళ్లు కూర్చుని పిల్లల మాట విని తయారుచేస్తే, మరమ్మతు చేసే చేతులు కూడా జిల్లాల్లోనే ఉంటాయి.

వైద్యం మీ శాఖ కాకపోయినా ఒక మాట. పిల్లలు గల్ఫ్‌కో హైదరాబాదుకో వెళ్లిపోయి ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మా వీధిలో ఒక మామ్మగారి కొడుకు కువైట్‌లో ఉన్నాడు. మాత్రల డబ్బాలో మధ్యాహ్నం గడి తరచూ నిండుగానే ఉంటుంది. ‘వేసుకున్నారా మామ్మగారూ’ అని అడిగే మనిషి ఆ వేళకు ఉండరు. దక్షిణ కొరియాలో స్థానిక ప్రభుత్వాలు మాత్రల వేళ గుర్తుచేసే మనవరాలి లాంటి బొమ్మలను వృద్ధులకు పంచాయి. జపాన్‌లో డిమెన్షియా (తీవ్ర మతిమరుపు) ఉన్నవారి కోసం, సీల్ అనే సముద్ర జంతువు రూపంలో చేసిన పారో అనే రోబో బొమ్మను అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2009లో వైద్య పరికరంగా అనుమతించింది. నిమిరితే కదులుతుంది, పిలిస్తే తల తిప్పుతుంది. ఇలాంటిది ఆశా కార్యకర్త చేతి మీదుగా ఇచ్చి, ఆమె వారం వారం వెళ్లి చూసేలా ఏర్పాటు చేస్తే మేలు. బొమ్మ ఇచ్చాం కదా అని ఆశా వెళ్లడం మానితే మాత్రం ఆ ఇంటికి కీడే చేసినవాళ్లమవుతాం.

రోబోకు కన్ను కెమెరా, చెవి మైకు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. అది ఇంగ్లిషు కాగితం మీద వేలిముద్రతో సరిపెట్టే అంగీకారం కాకూడదు. దృశ్యాలు గది దాటి పోకూడదు.

నేను కోరేది పెద్దది కాదు. కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొన్ని భవిత కేంద్రాలకు ఒక్కొక్క రోబో ఇచ్చి, ఏడాది పాటు వాడించండి. టీచర్లకు ముందుగా శిక్షణ ఇప్పించండి, ఖాళీ పోస్టులు దానితో పాటే నింపండి. పనిచేసిన చోటు, పనిచేయని చోటు రెండూ తెలుగులో ప్రచురించండి. ఏ కేంద్రాలకు ఇవ్వాలో తేల్చే సమావేశానికి అధికారులతో పాటు మా పిల్లల తల్లులను కూడా పిలిపించండి. ఏ శబ్దానికి బిడ్డ భయపడతాడో, ఏ రంగుకు దగ్గరికి వస్తాడో వారికే తెలుసు. వేళ ముందుగా చెబితే కూలి పని వదులుకుని వస్తారు, ఆ రోజు కూలి, దారి ఖర్చులు మాత్రం ఇప్పించండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక సహిత విద్య రిసోర్స్ టీచరు