పెళ్లి విడిది: మండపంతో పాటే గదులూ మాట్లాడుకోండి

సంపాదకులకు,

మాఘమాసం ముహూర్తాలకు శ్రీకాకుళంలో మండపాలు నెలల ముందే కుదుర్చుకుంటున్నారు. హైదరాబాదు, బరంపురం నుంచి వచ్చే చుట్టాలకు గదులు మాత్రం ఆఖరి వారంలో వెతుకుతున్నారు. ఆ నెలలో అది కుదిరే పని కాదు. రథసప్తమికి అరసవల్లి సూర్యదేవాలయానికి ఒడిశా నుంచి కూడా జనం తరలివస్తారు. ఆ తిథికి దగ్గర్లో ముహూర్తం పడితే మండపంతో పాటే గదులకూ అడ్వాన్సు ఇచ్చేయాలి.

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా తాళం తీసుకునే వేళ దగ్గర. చాలా లాడ్జీల్లో తాళం చేతికిచ్చినప్పటి నుంచి 24 గంటలు లెక్క. ముహూర్తం అర్ధరాత్రి దాటాక అనుకోండి. ముందురోజు పొద్దున ఆరింటికే గదులన్నీ తీసుకుంటే, తలంబ్రాలు ముగించుకుని అందరూ నడుం వాల్చే వేళకు రెండో రోజు అద్దె మొదలవుతుంది. సాయంత్రం నాలుగింటికి తీసుకుంటే మర్నాటి స్నానాలు, భోజనాలు, అప్పగింతలు ఒక్కరోజు అద్దెలోనే అయిపోతాయి. పొద్దున్నే దిగేవాళ్ల స్నానాలకు రెండు గదులు ముందుగా తీస్తే చాలు. కొన్నిచోట్ల మధ్యాహ్నం 12కే ఖాళీ చేయమంటారు, ముందే అడగాలి.

మండపం వాళ్లు ఇచ్చే విడిది గదుల్లో బాధంతా వేడి నీళ్లదే. 25 లీటర్ల గీజరు, చన్నీళ్లు కలుపుకుంటే మూడు బకెట్లకు వస్తుంది. మళ్లీ కాగడానికి సుమారు అరగంట. పదిమందికి ఒక్క స్నానాలగది ఇస్తే నీళ్లు కాగడానికే గంటన్నర పోతుంది, మగపెళ్లివారి మొహాలు అక్కడే ముడుచుకుంటాయి. వంటవాళ్లతో ఒక పెద్ద డేగిశా వేడి నీళ్లు విడిగా పెట్టించడం మేలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కింది అంతస్తు, కమోడ్ ఉన్న గది రాసిపెట్టి ఉంచాలి. వాళ్లు నోరు తెరిచి అడగరు.

గదిలో దిగే పెద్దవాళ్లందరూ ఆధార్ దగ్గర పెట్టుకోవాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే లాడ్జివాళ్లు 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. చిన్న లాడ్జీలు ఆ తలనొప్పి ఎందుకని గదే ఇవ్వవు. అమెరికా నుంచి వచ్చే మేనమామను రాత్రి పదింటికి వీధిలో నిలబెట్టకుండా, ఇది ముందే ఫోన్‌లో తేల్చుకోండి.

శుభలేఖలో స్టేషన్ పేరు 'శ్రీకాకుళం రోడ్' అని, పక్కనే ఆమదాలవలస అని వేయించండి. అక్కడి నుంచి పట్టణం సుమారు 13 కిలోమీటర్లు. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు. అలాంటి రైలెక్కినవాళ్లు విశాఖలో దిగి బస్సెక్కాలి, మరో రెండు గంటల పైమాటే.

పెళ్లయ్యాక ఒకరోజు మిగిలినవాళ్లకు ఊరు చూపించడం కష్టమేం కాదు. అరసవల్లి పట్టణాన్ని ఆనుకునే ఉంది, ఆదివారం మాత్రం వద్దు, రద్దీ తట్టుకోలేరు. మూలవిరాట్టు పాదాలపై సూర్యకిరణాలు పడేది మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో. మాఘంలో వచ్చినవాళ్లకు అది చూపిస్తామని ఆశపెట్టకండి. పొద్దున్నే అరసవల్లి చూసుకుని కూర్మావతారం గుడి ఉన్న శ్రీకూర్మం వెళ్తే మధ్యాహ్నం గుడి తలుపులు మూసేలోగా దర్శనం అవుతుంది. అక్కడ రెండు ధ్వజస్తంభాలు, మండపం గోడల మీద పాత చిత్రాలు, ఆవరణలో బతికున్న తాబేళ్లు ఉంటాయి, పిల్లలు కదలరు. ఎండ తగ్గాక శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ, ఆపైన కళింగపట్నం తీరం. కొండ మీద నీడ తక్కువ, నీళ్లు పట్టుకెళ్లాలి. వంశధార నది సముద్రంలో కలిసే చోట లాగుడు ఎక్కువ, స్నానాలకు దిగనివ్వకండి. శ్రీముఖలింగం శివాలయం ఇంకో దిక్కు, 45 కిలోమీటర్ల పైనే. దాన్నీ ఇదే రోజులో ఇరికిస్తే ఏదీ సరిగ్గా చూడలేరు.

పెట్టుబడి బట్టలకు పొందూరు ఖద్దరు అడిగేవాళ్లుంటే ఆమదాలవలస వైపు వెళ్లే రోజున కొనిపించండి. అసలైన సన్న నూలు పంచె ధర చూసి చుట్టాలు ఉలిక్కిపడతారు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికి నేసిన గుడ్డకు ఆ ధర ఉంటుందని బయల్దేరే ముందే చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, శ్రీకాకుళం