పర్లాకిమిడి నుంచి ఒక కొమ్ము పనివాడు ముఖ్యమంత్రి గారికి రాసుకున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా ముఖ్యమంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను పశువుల కొమ్ములతో బొమ్మలు చేసి అమ్ముకునేవాణ్ణి. మా జిల్లాకి గుండె డాక్టరు కావాలని, నా పనికి అప్పు దొరికేలా చూడమని రాస్తున్నాను. ఇది నా నాలుగో అర్జీ. మొదటి రెండూ జిల్లాలో అధికారుల చేతికి ఇచ్చాను. రసీదులు నా దగ్గర ఉన్నాయి. మూడోది ఆన్‌లైన్‌లో పెట్టించాను. ఇరవై రోజుల తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ‘డిస్పోజ్డ్’ అని. అంటే ఏమిటని మా అబ్బాయిని అడిగితే ‘అయిపోయిందట నాన్నా’ అన్నాడు. ఏం అయిపోయిందండీ? మా గుమ్మం దగ్గరికి ఎవరూ రాలేదు. ఫోన్ చేసి సంగతేమిటని అడిగినవాళ్ళు కూడా లేరు.

ఆ మూడు అర్జీలూ మా అబ్బాయి చేత ఒడియాలో రాయించాను. ఈసారి నా భాషలో నేనే రాస్తున్నాను. చదివి చెప్పేవాళ్ళు మీ దగ్గర ఉంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపిల్లలకి పాఠం చెప్పిన ఊరు మాది. మనిషి ఎలా మాట్లాడతాడో అలాగే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఒడిశా రాష్ట్రం కావాలని లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళి అడిగిన కృష్ణచంద్ర గజపతి మహారాజా వారిదీ ఈ ఊరే. 1936 ఏప్రిల్ 1 నుంచి మేం ఒడిశా వాళ్ళమే. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన మేం పరాయివాళ్ళం అయిపోలేదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఆఫీసుల్లో ఎవరో ఒకరు ‘మీవాళ్ళంతా ఆంధ్రా వైపే కదా, అక్కడే చూసుకోండి’ అంటారు. ఆ మాట చాలా కష్టంగా ఉంటుందండీ.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా అమ్మకి ఊపిరి ఆడలేదు. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే ఆయాసం. ఆటోలో ఎక్కించి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దాని పేరు రాయను, అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గారి తప్పేమీ లేదు. పాపం ఆయన ఒక్కడే అటూ ఇటూ పరిగెడుతున్నాడు. ఆక్సిజన్ పెట్టి, ‘గుండె డాక్టరు ఇక్కడ లేరు, బరంపురం తీసుకెళ్ళండి’ అని కాగితం రాసిచ్చాడు. పెద్దాసుపత్రికి పంపడం తప్పు కాదు. కానీ మా అమ్మ అన్ని గంటల ప్రయాణం తట్టుకునే స్థితిలో లేదు. ఆంధ్రాలో ఉన్న శ్రీకాకుళమైతే మాకు దగ్గర. అందుకని రాత్రి ఒంటిగంటకి కారు మాట్లాడుకుని పాతపట్నం మీదుగా అటు వెళ్ళాం. దారంతా అమ్మ నా చెయ్యి పట్టుకుని ‘కొట్టు తాళం వేశావా’ అని అడుగుతూనే ఉంది.

మేం చేరిన ఆసుపత్రిలో మన ఒడిశా ఆరోగ్య కార్డు చెల్లదన్నారు. ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కింద కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు. ఆ లెక్క నాకు నోటికి వచ్చు. అన్ని లక్షల కార్డు జేబులో పెట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి, మా ఆవిడ చేతి గాజులు తాకట్టు పెట్టడానికి తెల్లవారేదాకా కూర్చున్నాను. ఐదు రోజులకి 38 వేలయింది. అమ్మ బతికింది, దేవుడి దయ. ఇప్పుడు నెలకోసారి చూపించుకోవాలి. ప్రతి నెలా కారు, మందులు, పరీక్షలు, నా ఒకరోజు పని. పెట్రోలు మన దగ్గర చవకని పాతపట్నం వాళ్ళు ఇటు వస్తారు. వైద్యానికి మేం అటు వెళ్తాం.

ఇక నా కొట్టు సంగతి. మీ దగ్గర ఆరోగ్యం ఒక శాఖ, చిన్న పరిశ్రమలు ఇంకో శాఖ. ఇద్దరు మంత్రులు, రెండు ఫైళ్ళు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గల్లాపెట్టె. అమ్మ మందులూ అందులోంచే, కొమ్ములు కొనడమూ అందులోంచే. మా వీధిలో చిన్న కొట్లు బేరాలు లేకే మూతపడుతున్నాయని మీకు ఎవరైనా చెబితే అది సగం మాటే. బేరం తగ్గింది, నిజమే. పెట్టుబడి కరిగిపోవడం ఇంకా పెద్ద దెబ్బ. పక్కన టిఫిన్ హోటల్ నడిపే అన్న తండ్రికి డయాలసిస్ మొదలయ్యాక రెండు బల్లలు అమ్మేశాడు, పనికుర్రాణ్ణి మాన్పించాడు. ఎదురుగా టైలర్ చెల్లెమ్మ కాన్పుకి వెళ్ళి తిరిగొచ్చేసరికి మిషను తాకట్టులో ఉంది. వీళ్ళెవరూ వ్యాపారం చేతకాక చెడిపోలేదు.

మా పని మీరు ఎప్పుడైనా దగ్గరగా చూశారో లేదో. కొమ్మును బొగ్గుల సెగ మీద కాచాలి. మెత్తబడిన ఆ కాసేపట్లోనే వంచాలి. చల్లారితే పగులుతుంది, ఎక్కువ కాలితే కమిలిపోయి రంగు చెడుతుంది. తర్వాత రంపం, ఆకురాయి, గరుకు కాగితం, చివరికి గుడ్డ పెట్టి రుద్దడం. ఒక కొంగ మెడ ఒంపు తిరగాలంటే మా నాన్న మాట్లాడకుండా ఊపిరి బిగబట్టి చేసేవాడు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మ అని పేరుపెట్టి అడిగి కొనుక్కెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు అడిగినప్పుడు చూపించడానికి నా అరలో సరుకు లేదు.

2023 సెప్టెంబర్ 17న చేతివృత్తుల వాళ్ళ కోసం ప్రధానమంత్రి విశ్వకర్మ యోజన మొదలైనప్పుడు నేను చాలా ఆశపడ్డాను. పనిముట్లకి 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష అప్పు. ఆధార్ పట్టుకుని సెంటర్‌కి వెళ్ళాను. అక్కడి కుర్రాడు కంప్యూటర్లో 18 వృత్తులూ కిందికి, పైకి మూడుసార్లు తిప్పి చూశాడు. వడ్రంగి ఉంది. కమ్మరి, కుమ్మరి ఉన్నాయి. పడవలు చేసేవాళ్ళు, వలలు అల్లేవాళ్ళు, తాళాలు చేసేవాళ్ళు ఉన్నారు. కొమ్ము పని లేదు. ‘బొమ్మల తయారీ అని పెట్టేద్దామా బాబాయ్’ అన్నాడు. పెట్టాం. పరిశీలన దగ్గర, మీరు చేసేది బొమ్మల పని కాదని వెనక్కి పంపేశారు. శిల్పి అని పెడితే రాతిపని చూపించమన్నారు. తాత దగ్గర్నుంచీ చేస్తున్న పనికి ప్రభుత్వం జాబితాలో పేరే లేకపోతే నేను ఏమని చెప్పుకోవాలి?

ముద్రా లోనుకి వెళ్ళాను. హామీ అక్కర్లేదని గోడ మీద కాగితం అంటించి ఉంది. దాని కిందే కూర్చున్న ఆఫీసరు, జీతం వచ్చే ఉద్యోగస్తుణ్ణి ఒకరిని జామీను తెమ్మన్నారు. బ్యాంకు పేరు రాయను, రేపు మళ్ళీ నేను అక్కడికే వెళ్ళాలి.

ఈ సంగతులన్నీ ప్రతిపక్షంలో ఉన్న ఒక ఎమ్మెల్యే గారి చేతిలో పెట్టాను. ఆసుపత్రుల్లో ఖాళీల గురించి, చిన్న వ్యాపారుల గురించి సభలో అడుగుతానన్నారు. అడిగితే మంచిదే. ఇప్పుడు ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళు 24 ఏళ్ళు పాలించారని నాకూ తెలుసు, అప్పుడూ మేం ఇలాగే అర్జీలు పట్టుకుని తిరిగాం. కానీ 2024 జూన్ నుంచి కుర్చీ మీది. ప్రశ్న అటువైపు బెంచీ నుంచి వచ్చింది కదా అని ‘గత ప్రభుత్వం వల్లే’ అనే జవాబుతో సరిపెట్టకండి. అది ఎమ్మెల్యే గారికి సొంతంగా పుట్టిన ప్రశ్న కాదు, మా అమ్మ ఆయాసం అది. సభలో ఉన్న 147 మందిలో ఎవరు అడిగినా జవాబు మాత్రం మాకు చెప్పాలి. గజపతి జిల్లాలో డాక్టర్ పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, గుండె డాక్టరు ఏ నెలలో వస్తారు? ఇది చెప్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు కదండీ.

డాక్టర్లు కొండ జిల్లాలకి రారంటారు. రాకపోవడానికి కారణాలు ఉంటాయి, వాళ్ళకీ పిల్లలు, చదువులు ఉంటాయి. క్వార్టర్లు ఇవ్వండి, జీతం ఎక్కువ ఇవ్వండి, బరంపురం మెడికల్ కాలేజీ నుంచి వారానికి రెండు రోజులైనా పంపండి. ఏదో ఒకటి చెయ్యండి, దయచేసి. అప్పటిదాకా మేం వెళ్ళక తప్పని శ్రీకాకుళం ఆసుపత్రుల్లో మన కార్డు చెల్లేలా చూడండి. ఎక్కడ చెల్లుతుందో ఆ జాబితా తెలుగులో, ఒడియాలో ఆసుపత్రి గేటు దగ్గర బోర్డు పెట్టించండి. అర్ధరాత్రి పూట వెబ్‌సైట్ చూసుకోలేం.

కొమ్ము పనిని విశ్వకర్మ జాబితాలో చేర్చమని కేంద్రానికి మీరు ఒక ఉత్తరం రాయండి. మీ మాట ఢిల్లీలో వింటారు, నా అర్జీ అక్కడిదాకా వెళ్ళదు. కేంద్రం ఒప్పుకోకపోతే రాష్ట్రమే అలాంటి అప్పు ఇవ్వొచ్చు. గుండె డాక్టరు సంగతి మళ్ళీ మళ్ళీ రాస్తున్నానని విసుక్కోకండి, నాకు అన్నిటికంటే ముందు అదే కావాలి. అమ్మకి మళ్ళీ ఎప్పుడు అలా వస్తుందోనని రాత్రిళ్ళు నిద్ర పట్టదు, ఒకటే టెన్షన్.

మా అబ్బాయి ఐటీఐ చదివి వైజాగ్ వెళ్ళిపోతానంటున్నాడు. వద్దని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వాడి చెయ్యి మా నాన్న చెయ్యిలా ఉంటుంది. మొన్న కుంపటి దగ్గర కూర్చుని, ఎవరూ చెప్పకుండానే ఒక కొంగ మెడ వంచాడు.

పాత అర్జీల రసీదుల నకళ్ళు, వెనక్కి వచ్చిన విశ్వకర్మ కాగితం, అమ్మకి బరంపురం వెళ్ళమని రాసిచ్చిన చీటీ జత చేస్తున్నాను. ఈసారి మెసేజ్ పంపేముందు ఒక మనిషిని పంపించండి. నెలలో మొదటి మంగళవారం అమ్మని చూపించడానికి వెళ్తాం, ఆ రోజు కొట్టు ఉండదు. మిగతా రోజులన్నీ పొద్దున తొమ్మిదికల్లా తెరిచే ఉంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక కొమ్ము పనివాడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా